ఏడో డబ్బా మూత

మధ్యాహ్నం మూడుంపావుకి సినిమా భాండాగారం వెనక గేటు దగ్గర వ్యాను ఆగింది. అందులోంచి ఒక రేకు డబ్బా దిగింది. డబ్బాలో ‘ముసుగు సేనాని’ ఏడో రీలు ఉంది. దాని మీదున్న మూత మాత్రం దానిది కాదు.

కిందటి వారం కథ ఆగింది చీకటి గదిలో, తెర మీద కదలకుండా ఆపిన ఒక సినిమా బొమ్మ దగ్గర. ఆ బొమ్మ ముందు కూర్చున్నది జిగురమ్మ. తెగిన ఫిల్మును అతకడం ఆమె పని. ఆ పనిలో పడ్డాక ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె చూస్తున్నది రీలుకు తీసిన నకలు. అసలు రీలు మరోచోట భద్రంగా ఉందని, ప్రదర్శన రోజునే వస్తుందని బాబాయి చెప్పాడు. నకలులో ఒకచోట, సేనాని ముఖానికి చుట్టుకున్న గుడ్డ ముడి ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మారింది. కత్తి కూడా చెయ్యి మారింది. రెప్పపాటు తర్వాత అన్నీ మళ్లీ మామూలుగానే ఉన్నాయి. జిగురమ్మ ఆ ముక్కను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసి, దీపం ఆర్పి ఇంటికి వెళ్లిపోయింది. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు.

బాబాయి అంటే నాన్నకు తోడబుట్టిన బాబాయి కాదు. నాన్న స్నేహితుడు, భాండాగారానికి పెద్ద. నాన్న పోయాక ఆమెను తీసుకొచ్చి ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆయనే. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. పోయిందనుకున్న ఏడో రీలు దొరికిందని లోకానికి చెప్పిందీ ఆయనే.

‘ముసుగు సేనాని’ మూకీ సినిమా. సేనాని ఒకప్పుడు ఉన్న మనిషి. ముట్టడిలో చిక్కిన కోటను నిలబెట్టాడు. ముఖం మీద గుడ్డ తియ్యకుండానే తిన్నాడు, పడుకున్నాడు, యుద్ధం చేశాడు. కోట పడిన రోజున శత్రువులకు గుడ్డ దొరికింది, మనిషి దొరకలేదు. రాజుగారి తమ్ముడన్నారు కొందరు. కుమ్మరివాడన్నారు. ఆడమనిషన్నారు. సినిమా ఏడు రీళ్లు. ఆరు మాత్రమే మిగిలాయి. ఆరో రీలు చివర సేనాని ముడి మీద చెయ్యి వేస్తాడు, అక్కడితో తెర తెల్లబడుతుంది. భాండాగారం ఏటా ఒకసారి ఆ ఆరు రీళ్లూ వేసేది, జనం ఏటా వచ్చేవాళ్లు. పూర్తిగా దొరికిన సినిమాల కోసం అంత జనం ఎన్నడూ రాలేదు. ముసుగు వెనక ఉన్నది తన మనిషే అని ఎవరికి వాళ్లు అనుకునేవాళ్లు. సేనాని పెదవులు గుడ్డ కింద కదిలినప్పుడల్లా హాల్లో ఎవరో ఒకరు ఒక మాట అందించేవాళ్లు, ఇంకొకరు అది కాదనేవాళ్లు. బయటికొచ్చాక కూడా మెట్ల మీద నిలబడి తగువులాడుకునేవాళ్లు.

ఆ ఏడో రీలు పోవడానికి కారణం జిగురమ్మ తండ్రి అని ఊరు నమ్మింది. ఆయన పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు. భాండాగారం వాళ్లు సినిమా తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆరు డబ్బాలే ఉన్నాయి. పాత ఫిల్ములో వెండి ఉంటుంది. కరిగించేవాళ్లు కొంటారు. ప్రొజెక్టర్ వాడు అమ్ముకున్నాడన్నాడు హాలు యజమాని. ఉద్యోగం పోయింది. వెండి దొంగ అన్న పేరు మిగిలింది. ఆయన తాళాల దుకాణంలో కూర్చుని బతికాడు, ఆ పేరుతోనే పోయాడు. బళ్లో జిగురమ్మను వెండి దొంగ కూతురా అని పిలిచేవాళ్లు. ఇవాళ సాయంత్రం ఆరుకు ఏడో రీలు తెర మీద పడబోతోంది. దాన్ని పాత హాలు పడగొట్టినప్పుడు తెర వెనక గోడలో దొరికిందని పత్రికల్లో వచ్చింది. అంటే నాన్న అమ్ముకోలేదనేగా అని ఆమె బాబాయిని అడిగింది. అమ్మబోయి దాచి ఉండొచ్చుగా అని జనం అంటారు పాపా, ఇప్పుడు ఆ గొడవ ఎందుకు అన్నాడాయన.

ఫిల్ములు దాచే చల్లగది కాపలాదారు డబ్బాను బయటే ఆపేశాడు. వేసవిలోనూ ఉన్ని స్వెటరు విప్పడు కాబట్టి అతన్ని స్వెటరు అంటారు. చల్లగది నియమం ఒకటుంది. కుళ్లడం మొదలైన ఫిల్ము పక్కనున్న ఫిల్మును కూడా చెడగొడుతుంది. కాబట్టి ఏ డబ్బా వచ్చినా మూత తీసి వాసన చూసి, ఫిల్మును చేత్తో తడిమిన తర్వాతే లోపలికి వెళ్లాలి. వాసన చూసేది జిగురమ్మ. ఈ డబ్బాను తెరవకుండా నేరుగా లోపల పెట్టమని బాబాయి ఫోన్ చేశాడు.

“పెద్దాయన చెప్పారు నిజమే,” అన్నాడు స్వెటరు. “ఆ నియమం రాసిందీ పెద్దాయనే. ఏ పెద్దాయన మాట వినాలో తెలీక నిన్ను పిలిచానక్కా.”

డబ్బా అడుగున ఏడు అంకె కొట్టి ఉంది. మూత మీద మూడు ఉంది. మూత కాస్త పెద్దది, చుట్టూ టేపు వేస్తే తప్ప ఆగడం లేదు. పెళ్లికొడుకు చెప్పులు మారిపోయినట్టుంది అని స్వెటరు గొణిగాడు. జిగురమ్మ టేపు విప్పింది. వాసన లేదు. రీలు ఎండుగా ఉంది. గోడలో ఏళ్లతరబడి పడున్న ఫిల్ము ఇంత ఎండుగా ఉండదు. ఆ సంగతి పైకి అనకుండా డబ్బా తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లి, తలుపు గడియ పెట్టుకుంది.

ఫిల్ముకు రెండు వైపులుంటాయి. ఒకటి నున్నగా మెరుస్తుంది. బొమ్మ ఉన్న రెండోది మసగ్గా ఉంటుంది. అతికేటప్పుడు మసక వైపు పక్కన మసక వైపే రావాలి. తిరగేసి అతికితే ఆ ముక్కలో కుడి ఎడమవుతుంది. పాతకాలం పనివాళ్లు కంటితో చూసి తేల్చుకునేవాళ్లు కాదు, ఫిల్ము కొసను పెదవికి ఆనించేవాళ్లు. మసక వైపు తడికి అంటుకుంటుంది. నున్న వైపు అంటుకోదు.

ఆమెకు ఆ విద్య నాన్న నేర్పాడు. ఒక ఆదివారం ఆయన తెగిన రీలును బాగుచేయడానికి ఇంటికి తెచ్చాడు. వంటింట్లో కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. అప్పట్లో మట్టి మూకుడు మూసి ఉండే నీళ్ల కుండను పక్కకు జరిపి, ఆ అరుగు మీద ఫిల్ము పరిచాడు. విడిపోయిన ఈ చిన్న ముక్కను నువ్వు అతుకు అన్నాడు. ఆమె నోట్లో చక్కెర బిళ్ల ఉంది. పెదవులు జిగటగా ఉన్నాయి. కొసను ఒకవైపు ఆనిస్తే అంటుకుంది, రెండోవైపు ఆనిస్తే అదీ అంటుకుంది. ఏదో ఒకటని అతికేసింది. ఆరాక నాన్న దీపానికి పెట్టి చూసి నవ్వాడు. సేనాని ఎడమచేతివాటం అయిపోయాడే అన్నాడు. మళ్లీ కోస్తానంది. కోసిన ప్రతిసారీ ఒకటో రెండో బొమ్మలు పోతాయి, ఆ మనిషివి మనకున్నవే తక్కువ, ఉండనీ అన్నాడు. ఆయన తన ప్రతి అతుకు పక్కనా ఫిల్ము అంచున సూదితో ఒక గీత గీసేవాడు. ఆ రోజు రెండు గీశాడు. ఇద్దరం చేశాం కదా అన్నాడు.

జిగురమ్మ రీలును మెల్లగా తిప్పుకుంటూ పోయింది. సేనాని బురుజు మెట్లెక్కే చోట ఆపింది. వేలితో తడిమింది. మసక, మసక, మసక, నున్న. అతుకు దగ్గర భూతద్దం పెట్టింది. అంచున రెండు గీతలున్నాయి.

ఆమె ఫిల్మును తిరిగి చుట్టి, డబ్బాలో పెట్టి, మూడో నంబరు మూతకు మళ్లీ టేపు వేసింది. స్వెటరుకు అప్పగించి, బాగానే ఉంది లోపల పెట్టు అంది. మేడ మీదికి వెళ్లింది.

బాబాయి గదిలో కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు ఉపన్యాసం చదువుకుంటున్నాడు. కోటు చేతికి దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది. బల్ల మీద ఆయన రాసిన పుస్తకం ప్రతులు దొంతరగా ఉన్నాయి. పుస్తకం పేరు ‘సేనాని ఒకడు కాదు’. ముడి భుజం మారడం, కత్తి చెయ్యి మారడం పొరపాటు కాదని, ఒకే ముసుగు కింద ఇద్దరు మనుషులు వంతులవారీగా సేనానిగా ఉన్నారని, సినిమా తీసినవాళ్లకు ఆ గుట్టు తెలిసి అలా సైగ చేశారని అందులో వాదన. వారం రోజులుగా అన్ని పత్రికలూ దాన్నే రాస్తున్నాయి. పుస్తకం మొదటి పేజీలో ‘మా పాపకు’ అని ఉంది. పాప అంటే జిగురమ్మే.

రీలు ఎక్కడ దొరికిందో ఇంకోసారి చెప్పమని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. హాలు పడగొట్టే మేస్త్రీ ఫోన్ చేశాడు, తెర వెనక గోడలో గూడు ఉంది, గూట్లో డబ్బా ఉంది. పత్రికలకు చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

“ఈ రీలుకు అతుకు నేను వేశాను బాబాయ్. మా వంటింట్లో. ఇంత ఎండుగా ఉన్న ఫిల్ము గోడలో ఉన్నది కాదు.”

ఆయన అదెలా అని అడగలేదు. నీకెవరు చెప్పారని అడగలేదు. కోటు చీటీని తెంపి జేబులో పెట్టుకున్నాడు.

“తలుపు వెయ్యి పాపా.”

తర్వాత చెప్పినదంతా ఆయన కూర్చుని చెప్పాడు. హాలు యజమాని సినిమా మొత్తాన్ని కరిగించేవాళ్లకు ఇచ్చేద్దామనుకున్నాడు. ఆ మాట బయటికి పొక్కింది. కనీసం చివరి రీలైనా దక్కాలని డబ్బా ఒకటి రాత్రికి రాత్రి హాలు దాటి బాబాయి గదికి చేరింది. ఎవరి చేతిమీదుగా చేరిందో ఆయన చెప్పలేదు, ఆమె అప్పటికి గమనించలేదు. పది రోజులు తిరక్కుండా భాండాగారం ఆ సినిమాను కొనడానికి ముందుకొచ్చింది. భాండాగారంలో తనకు అప్పుడే ఉద్యోగం దొరికింది. డబ్బాలు తెమ్మని పంపింది తననే. ఆరు లెక్కపెట్టి, ఏడోది ఏదని అడగాల్సింది తనే. అడిగాడు. యజమాని ప్రొజెక్టర్ మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషి తన వైపు చూశాడు.

“ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా,” అంది జిగురమ్మ.

“నా ఉద్యోగం పోయేది. దొంగసొత్తు దాచానని కేసయ్యేది. వారం ఆగి మెల్లగా తెచ్చి పెడదామనుకున్నా. వారంలోపే మీ నాన్నని తీసేశారు. ఆ తర్వాత తెచ్చి పెడితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైపోయింది.”

“నాన్న మీ పేరు ఎందుకు బయటపెట్టలేదు?”

“నేనే చెప్తాననుకున్నాడు.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. కింద ఆవరణలో కుర్చీలు దించుతున్నారు.

బాబాయి ప్రతి ఆదివారం వాళ్లింటికి వచ్చేవాడు. నాన్నా ఆయనా చదరంగం ఆడేవాళ్లు. ఆమెకు పండో బొమ్మల పుస్తకమో తెచ్చేవాడు. వెండి దొంగ ఇంట్లో అడుగుపెట్టే మనిషి ఆయనొక్కడే కాబట్టి ఇంట్లో అందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ మాటే ఆమె అంది. అన్ని ఆదివారాల్లో నాన్న ఏమీ అడగలేదా అంది.

“ఒకసారి అడిగాడు,” అన్నాడు బాబాయి. “రీలుకు చెమ్మ తగలకుండా పెట్టావు కదా అని.”

తర్వాత ఆయన లేచి, రీలైతే దక్కింది కదా పాపా అన్నాడు. ఇవాళ ఎన్ని వందల మంది చూస్తారో, తన చేతిలో కాకుండా ఇంకెవరి చేతిలోనైనా ఉంటే ఎప్పుడో వెండి ముద్దయిపోయేదన్నాడు. ఇంట్లో రోజూ దీపానికి పెట్టి చూసుకునేవాణ్ణని, పెళ్లి కూడా చేసుకోలేదని, తన జీవితమంతా ఆ ముసుగు ముందే గడిచిందని చెప్పాడు. అలా చూడగా చూడగా ఒకరోజు ముడి మారడం కనిపించిందట. ఆ రోజు తనకు నిద్ర పట్టలేదట.

“అది నేను చక్కెర బిళ్ల తిని తిరగేసి అతికిన ముక్క,” అంది జిగురమ్మ. “పక్కన రెండు గీతలుంటాయి. ఒకటి నాన్నది, ఒకటి నాది. మీకు సేనాని ఇద్దరిలా కనిపించింది అందుకే.”

ఆయన పుస్తకాల దొంతర మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దొంతర కాస్త జరిగింది.

“ఎవరికైనా చెప్పావా?”

ఆమె ఆ ప్రశ్నను విని, గుర్తుపెట్టుకుంది. వంటింటి అతుకు గురించి విన్నప్పుడు ఆయన ఏమీ అడగలేదు.

ఇంకా ఎవరికీ చెప్పలేదంది. సాయంత్రం కార్యక్రమంలో మొదట మాట్లాడాల్సింది ఆమె. పాత ఫిల్మును ఎలా బాగుచేస్తారో జనానికి వివరించాలని బాబాయే పెట్టించాడు. ఆయన దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ముడి సంగతి ఎత్తకు అన్నాడు. అతుకు సంగతి ఎత్తకు. దానికి బదులు తాను వేదిక మీద నిలబడి, ఈ రీలు ఇవాళ ఉందంటే కారణం ఫలానా ప్రొజెక్టర్ ఆపరేటరు, ఊరంతా ఆయన్ని అన్యాయంగా నిందించింది అని చెప్తాడు. భాండాగారం హాలు గుమ్మం మీద ఆయన పేరు చెక్కిస్తాడు. వెండి దొంగ అన్న మాట ఇవాళ్టితో పోతుంది.

“మా నాన్నని నాకే అమ్ముతున్నారా?”

“నీకు కావాల్సింది అదేగా పాపా. నిజం చెప్పు. అది కాక ఇంకేం కావాలి నీకు?”

నాన్న పేరు కడిగేస్తే చాలని చిన్నప్పటినుంచీ అనుకున్న మాట నిజమే. దాన్ని ఆయన పళ్లెంలో పెట్టి ఇస్తున్నాడు. తీసుకుంటే ఆయన చేసిన పని ఆయన పుస్తకం అట్టల మధ్య భద్రంగా ఉండిపోతుంది. తీసుకోకపోతే ఆమె మాట ఒకవైపు, ఆయన మాట ఒకవైపు. దొంగ కూతురు దొంగను వెనకేసుకొచ్చిందంటారు. ఆమె తలుపు దగ్గరికి నడిచింది.

“డబ్బా నాకిచ్చింది మీ నాన్న అనుకుంటున్నావు కదూ,” అన్నాడు బాబాయి వెనకనుంచి. “ఆయన కాదు. ఆయనకు మర్నాడు తెలిసింది. వదినని, మీ అమ్మని అడుగు.”

అబద్ధం అంది జిగురమ్మ. తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

అయిదున్నరకే భాండాగారం హాలు ముందర నిండిపోయింది. పిల్లలు ముఖాలకు చేతిగుడ్డలు కట్టుకుని కర్రలతో యుద్ధం చేసుకుంటున్నారు. ఎడమ భుజం మీద ముడి వేసుకున్నవాళ్లు ఒక జట్టు, కుడి భుజం వాళ్లు ఇంకో జట్టు. పెద్దవాళ్లలో ఒకాయన, ఇద్దరు సేనానులైతే జీతం ఎవరు తీసుకునేవాడంటావు అని పక్కనాయన్ని అడుగుతున్నాడు. గోడకు ఏడో రీలు బొమ్మ ఒకటి అంటించారు. అందులో సేనాని ముసుగు తీసేశాడు. కానీ అటు తిరిగి తీశాడు. మనకు కనిపించేది ఆయన వీపు, ఆయనకెదురుగా నిలబడ్డ ముసలావిడ ముఖం. ఆవిడ ఆయన్ని చూసింది. ఏదో అంటోంది. ఏమంటోందో రాసిన అక్షరాల పలక సినిమాలో లేదు. రీలు దొరికినా ముఖం దొరకలేదని తెలిసి కొందరు నిట్టూర్చారు, చాలామంది ఇంకా దగ్గరికి జరిగారు. ముసలావిడ పెదవుల మీద వాదన అప్పుడే మొదలైంది. నా బిడ్డా అంటోందని ఒకరు, నువ్వా అంటోందని ఇంకొకరు.

హాలు గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో, ఎర్రగుడ్డ మీద, ఏడో డబ్బా ఉంది. లోపలి రీలును ప్రొజెక్టర్ గదిలోకి పంపేశారు. పెట్టె తాళంచెవి స్వెటరు మెడలో ఉంది.

ఆరుకు పది నిమిషాల ముందు బాబాయి కారు వచ్చింది. బాబాయి అందులో లేడు. ఆయన పంపగా వచ్చింది. అమ్మ దిగింది. ఉతికిన చీర కట్టుకుంది, భుజానికి గుడ్డ సంచి తగిలించుకుంది. ఏ సినిమా హాలు మెట్లైనా ఎక్కడం నాన్నని ఉద్యోగంలోంచి తీసేశాక ఇదే మొదటిసారి. జిగురమ్మ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది. బాబాయి అన్న మాట నాలుక చివర ఉంది. అడగలేదు. అడిగితే అమ్మ కాదంటుందని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంకాసేపు ఉంచుకోవాలనిపించింది.

అమ్మ అద్దాల పెట్టె దగ్గర ఆగింది. కళ్లజోడు సరిచేసుకుని వంగి చూసింది.

“మూత ఇది కాదే,” అంది.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. లోపల మైకులో, భాండాగారంలో ఫిల్ము అతికే ఆవిడ వేదిక మీదికి రావాలని పిలిచారు. జిగురమ్మ కదల్లేదు.

అమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. తువ్వాల్లో చుట్టిన గుండ్రటి వస్తువు తీసి, మడతలు విప్పింది. నాన్న ఉద్యోగం పోయినప్పటినుంచీ వాళ్ల వంటింట్లో నీళ్ల కుండ మీదుండే పళ్లెం అది. తెల్ల రంగు వేసి ఉంటుంది. జిగురమ్మ పుట్టిల్లు విడిచి వెళ్లేదాకా రోజూ దాన్ని ఎత్తి నీళ్లు ముంచుకుంది. ఇప్పుడు మధ్యలో రంగు గీకి ఉంది. గీకిన చోట ఏడు అంకె ఉంది.

“అమ్మా, ఇది నీ దగ్గర ఎందుకుంది?”

“డబ్బా ఇచ్చింది నేనేగా,” అంది అమ్మ. “రీలు అదో కాదో చూద్దామని మూతలు తీసి, ఆ చీకట్లో తడుముకుని వేరే మూత పెట్టాను. ఇది నా చేతిలోనే ఇంటికొచ్చేసింది.”

“నాన్నని దొంగ అంటుంటే నువ్వు వింటూ ఉన్నావా?”

అమ్మ మూతను తువ్వాలుతో తుడిచింది. స్వెటరు వైపు తిరిగి, తియ్యి నాయనా అంది. స్వెటరు జిగురమ్మ ముఖం చూశాడు. మైకులో రెండోసారి పిలిచారు. హాలు గుమ్మంలోకి బాబాయి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఉపన్యాసం కాగితాలున్నాయి. జిగురమ్మ తలూపింది. స్వెటరు మెడలోంచి తాళంచెవి తీసి అద్దం తలుపు తెరిచాడు.

అమ్మ టేపు ఊడదీసి, మూడో నంబరు మూతను పక్కన పెట్టింది. తెచ్చిన మూతను డబ్బా మీద ఉంచి అరచేత్తో నొక్కింది. అది సరిగ్గా కూర్చుంది.